నెట్‌వర్క్‌కు నకలు ప్రతి: మద్రాసు నుంచి చూసిన చరిత్ర



పోస్టాఫీసులో డబ్బు తీసుకుందామని వెళ్తాం. "లైను లేదండీ, రేపు రండి" అంటారు. రిజర్వేషను కౌంటరు దగ్గర గంటసేపు వరుసలో నిలబడతాం. మన వంతు వచ్చేసరికి "సిస్టం పనిచేయడం లేదు" అంటారు. తీగ ఎక్కడో తెగిందేమో అనుకుని ఇంటిదారి పడతాం. కానీ ఒక్కోసారి తీగ బాగానే ఉంటుంది, యంత్రమూ బాగానే ఉంటుంది, కరెంటూ ఉంటుంది. పోయిందల్లా ఆ యంత్రానికి మనిషి చెప్పి ఉంచిన మాట. ఆ మాటలకు నకలు తీసి దాచడం, దూరం నుంచే వాటిని దిద్దడం అనే పని ఎలా పుట్టింది, ఎలా పెరిగింది అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా ఆ యంత్రం పేరు చెప్పుకుందాం. దానిని రౌటర్ అంటారు. మన ప్రాంతం వారికి రౌటర్ అంటే ఏమిటో చెప్పడం కష్టం కాదు. గూడూరు, రేణిగుంట, అరక్కోణం, కాట్పాడి జంక్షన్లు మనకు తెలిసినవే. బండి వస్తుంది. ఇది చెన్నైకి పోవాలా, బెంగుళూరుకు పోవాలా, విజయవాడకు పోవాలా అని చూసి పట్టాలు మారుస్తారు. కంప్యూటర్ల మధ్య నడిచే సమాచారానికి రౌటర్ అలాంటి జంక్షను. ఏ గడపకు ఏ చిరునామా, ఏ ఊరి సమాచారం ఏ దారిన పోవాలి, ఆ దారి మూసుకుపోతే రెండవ దారి ఏది, ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరిని ఆపాలి, ఇవన్నీ వరుసగా రాసి ఆ యంత్రంలో ఉంచుతారు. ఆ రాతకు కాన్ఫిగరేషన్ అని పేరు. మనం "అమరిక" అనుకుందాం. చిన్న కార్యాలయంలో అది కొన్ని వందల పంక్తులు. పెద్ద సంస్థలో వేల పంక్తులు.

యంత్రం పాడైతే కొత్తది కొనవచ్చు. అమరిక అంగడిలో దొరకదు. అది ఏళ్ళ తరబడి పది మంది ఇంజనీర్లు ఒక్కొక్క పంక్తి చేర్చుతూ, తీసేస్తూ తయారు చేసినది. ఊళ్ళో అడంగల్ పుస్తకం లాంటిది అన్నమాట. భూమి ఎక్కడికీ పోదు, కానీ అడంగల్ పోతే ఏ సెంటు ఎవరిదో తేల్చడానికి తల ప్రాణం తోకకు వస్తుంది. అందుకే గ్రామంలో ఒక లెక్క ఉంటే తాలూకా కచేరీలో మరొకటి ఉండాలన్న పద్ధతి వచ్చింది. ఆంధ్ర వైపున్నా, తమిళనాడు వైపున్నా అడంగల్, చిట్టా అన్న మాటలు మనకు ఉమ్మడి ఆస్తి. ఆ మాటలతో పాటు నకలు ప్రతి విలువ కూడా మనకు తెలుసు.

ఇక చరిత్రలోకి వద్దాం. దూరాన ఉన్న యంత్రాలను ఒకచోట కూర్చుని దిద్దడం కంప్యూటర్లతో మొదలు కాలేదు. మద్రాసులో దాని మొదటి రూపం 19వ శతాబ్దంలోనే కనిపిస్తుంది. మద్రాసు నక్షత్రశాల 1792లో ఏర్పడింది. అక్కడ పనిచేసిన గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు కాలాన్ని లెక్క కట్టాడు. అది గ్రీనిచ్ కాలం కంటే 5 గంటల 21 నిమిషాల 14 సెకన్లు ముందు. తర్వాత టెలిగ్రాఫు వచ్చింది. కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసులను కలిపిన తీగలను 1855లో ప్రజలకు తెరిచారు. రైళ్ళు పెరిగాయి. ఒక్కొక్క ఊరు తన సూర్యుణ్ణి చూసి తన గడియారం పెట్టుకుంటే ఒకే పట్టా మీద రెండు బళ్ళు ఎదురుపడే ప్రమాదం ఉంది. అందుకని రైల్వేలు మద్రాసు కాలాన్ని తమ కాలంగా తీసుకున్నాయి. మద్రాసు నుంచి టెలిగ్రాఫు తీగ మీద సమయ సంకేతం వెళ్ళేది. దానిని బట్టి దూరాన ఉన్న స్టేషన్లలో గడియారాలు సరిచేసుకునేవారు. 1906 జనవరి 1న ఇప్పటి భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చేదాకా ఈ ఏర్పాటు సాగింది.

ఇందులో మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ప్రతి స్టేషనుకు ఒక మనిషి గడియారం పట్టుకుని వెళ్ళనక్కరలేదు. సరైన ప్రతి ఒకచోట ఉంది. అక్కడి నుంచి దిద్దుబాటు అందరికీ పోతుంది. రౌటర్ల విషయంలో ఈనాడు జరిగేదీ ఇదే. ఒక్క తేడా ఉంది. ఆనాడు గడియారం ముల్లు తిప్పడానికి అవతల స్టేషన్‌ మాస్టరు ఉన్నాడు. ఈనాడు అవతలి వైపు మనిషి లేడు.

1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో టెలిఫోను ఎక్స్చేంజీలు తెరిచారు. అప్పుడు "అమరిక" అంతా ఆపరేటరు తలలో, చేతిలో ఉండేది. తర్వాత అది ఎక్స్చేంజి గోడలకు బిగించిన తీగలలోకి చేరింది. మార్చాలంటే మనిషి అక్కడికి వెళ్ళి తీగ మార్చాలి. కంప్యూటరు ఎక్స్చేంజీలు వచ్చాక అమరిక తీగల నుంచి అక్షరాలలోకి మారింది. అక్షరాలకు ఒక గొప్ప గుణం ఉంది. వాటికి నకలు తీయవచ్చు, తీగ మీద పంపవచ్చు. ఒక దోషమూ ఉంది. క్షణంలో చెరిగిపోతాయి.

మన దేశంలో కంప్యూటర్ల వల మొదట విద్యాసంస్థలలో అల్లుకుంది. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో 1986లో ఎర్నెట్ అనే పథకాన్ని ప్రారంభించింది. అప్పటికి ఉన్న ఐదు ఐఐటీలు, బెంగుళూరు ఐఐఎస్‌సీ, బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ, ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్ శాఖ, ఈ ఎనిమిది అందులో భాగస్వాములు. గిండీ అడవి పక్కన ఉన్న మన మద్రాసు ఐఐటీ అందులో ఒకటి. 1990 నాటికి వీటిని సెకనుకు 9,600 బిట్ల వేగం గల అద్దె లైన్లతో కలిపారు. ఈనాడు మన సెల్‌ఫోనులో ఒక ఫొటో రావడానికి పట్టే క్షణం, ఆ లైను మీద అయితే అరగంట దాటేది. అయినా అమరిక పంపడానికి ఆ వేగం చాలు. అది ఉత్త అక్షరాలే కదా!

సామాన్యులకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వచ్చింది. విదేశ్ సంచార్ నిగమ్ ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులలో ఆ సేవను ఆరంభించింది. మరుసటి ఏడాది మద్రాసు పేరు చెన్నై అయింది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు కూడా అనుమతి దొరికింది. చెన్నై ప్రధాన కేంద్రంగా నడిచిన సత్యం ఇన్ఫోవే ఆ తొలి సంస్థలలో ఒకటి. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్‌కు అది పిల్ల సంస్థ. 1999 అక్టోబరులో అమెరికాలోని నాస్‌డాక్ మార్కెట్‌లో చేరింది. ఇటు తరమణిలో టైడెల్ పార్కును 2000 జూలైలో ప్రారంభించారు. రైల్వే వారు ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు రిజర్వేషను కేంద్రాలను 1999 ఏప్రిల్ నాటికి ఒకదానితో ఒకటి కలిపారు. బ్యాంకుల కోసం హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అదే సంవత్సరం ఇన్ఫినెట్ అనే వలను ఆరంభించింది.

ఇన్ని వలలు అల్లుకున్నాక చిక్కు ఎక్కడ వచ్చింది? ఊరూరా రౌటర్ ఉంది, ఊరూరా దాని భాష తెలిసిన ఇంజనీరు లేడు. చెన్నైలోనో హైదరాబాదులోనో కూర్చున్న నలుగురైదుగురు వందల యంత్రాలను చూసుకోవాలి. ఆ నలుగురైదుగురి చేతికి దొరికిన పనిముట్లేమిటో ఇప్పుడు చూద్దాం.

రౌటర్‌లో అమరిక రెండు చోట్ల ఉంటుంది. ఇది బడి పిల్లలకు చెప్పినట్టు చెబుతాను. ఒకటి నల్లబల్ల, రెండవది నోటు పుస్తకం. యంత్రం నడుస్తున్నంతసేపు నల్లబల్ల మీది రాతనే చూసి పనిచేస్తుంది. కరెంటు పోతే నల్లబల్ల తుడిచిపెట్టుకు పోతుంది. మళ్ళీ కరెంటు రాగానే యంత్రం నోటు పుస్తకం తెరిచి అందులో ఉన్నది బల్ల మీదికి ఎక్కించుకుంటుంది. ఇంజనీరు మధ్యాహ్నం నల్లబల్ల మీద నాలుగు పంక్తులు మార్చి, పుస్తకంలోకి ఎక్కించడం మరచిపోయాడనుకోండి. ఆ రోజంతా అన్నీ బాగా నడుస్తాయి. వారం తర్వాత ఒక రాత్రి కరెంటు పోయి వస్తుంది. తెల్లారేసరికి బ్యాంకు శాఖకు లైను లేదు. ఎవరూ ఏమీ చేయలేదే అని అందరూ తలలు పట్టుకుంటారు. కరెంటు కోతలు మనకు కొత్త కాదు గనుక ఈ ఇబ్బంది ఎంత మామూలుదో మీరే ఊహించండి.

నోటు పుస్తకం కూడా ఆ యంత్రంలోనే ఉంది. పిడుగు పడి యంత్రమే కాలిపోతే రెండూ పోతాయి. అందుకని మూడవ ప్రతి వేరే ఊళ్ళో, వేరే కంప్యూటరులో ఉండాలి. అలా పంపడానికి 1981లోనే టీఎఫ్‌టీపీ అనే చాలా తేలికైన పద్ధతిని లిఖితపూర్వకంగా ప్రకటించారు. 1984 చివర అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లెన్ బోసాక్, శాండీ లెర్నర్ స్థాపించిన సిస్కో సంస్థ రౌటర్లలో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. ఒక్క ఆజ్ఞ ఇస్తే అమరిక మొత్తం అవతలి కంప్యూటరుకు పోతుంది. దీనికి తాళం లేదు, రహస్యపదం లేదు. అది సౌకర్యమూ, అదే ప్రమాదమూ.

అయితే ఆ ఒక్క ఆజ్ఞ ఎవరు ఇవ్వాలి? ఇన్నూరు రౌటర్లుంటే ఇన్నూరు సార్లు మనిషి కూర్చుని కొట్టాలా? ఇక్కడే స్క్రిప్టు వస్తుంది. నేను మీకు చదువుతున్నది కూడా స్క్రిప్టే. ముందే రాసి పెట్టుకున్న మాటలు. కంప్యూటరు స్క్రిప్టు కూడా అంతే. కానీ రౌటర్‌తో మాట్లాడే స్క్రిప్టుకు ఒక అదనపు విద్య కావాలి. అవతలి మాట కోసం ఆగాలి. బుర్రకథలో కథకుడి మాట పూర్తయ్యాకే కదా వంత అందుకునేది. అలాగే రౌటర్ "పేరు?" అంటుంది, స్క్రిప్టు పేరు చెబుతుంది. "రహస్యపదం?" అంటుంది, అది చెబుతుంది. లోపలికి రానిచ్చిందా లేదా చూసుకుని అప్పుడు ఆజ్ఞ ఇస్తుంది. ఇలా ఎదురుచూసి బదులు పలికే పనిముట్టును 1990లో అమెరికా ప్రామాణిక సంస్థలో పనిచేసిన డాన్ లిబెస్ తయారు చేశాడు. దాని పేరే ఎక్స్‌పెక్ట్, అంటే ఎదురుచూడు అని. దానికి యూనిక్స్ కంప్యూటర్లలో ఎప్పటి నుంచో ఉన్న క్రాన్ అనే గడియారపు ఏర్పాటు తోడైంది. రాత్రి రెండు గంటలకు మనుషులు నిద్రపోతుంటే స్క్రిప్టు లేచి రౌటర్లన్నిటి తలుపు తట్టి నకళ్ళు తెచ్చి పెడుతుంది.

నకళ్ళు రోజూ పోగవుతాయి. గుట్టలో ఏది ఎప్పుడు మారిందో ఎలా తెలుస్తుంది? ఇందుకు మన తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ ఉంది. సీ.పీ. బ్రౌన్ దొర 1817లో మద్రాసులో దిగి తెలుగు నేర్చాడు. తర్వాత ఊరూరా తాళపత్ర ప్రతులు సేకరించాడు. ఒకే కావ్యానికి అనేక ప్రతులు పక్కపక్కన పెట్టించి, పండితుల చేత పోల్చి చూపించి, తేడాలు గుర్తించి, శుద్ధ ప్రతులు రాయించాడు. ఆ సంపదలో చాలా భాగం ఈనాటికీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. నిన్నటి అమరికను ఈనాటి అమరికతో పోల్చి తేడా పంక్తులు మాత్రమే చూపించే పనిని రౌటర్ల లోకంలో 1990ల చివర రాన్సిడ్ అనే ఉచిత పనిముట్టు చేసి పెట్టింది. తేడా ఏమీ లేకపోతే మౌనంగా ఉంటుంది. ఒక్క పంక్తి మారినా ఇంజనీరుకు ఉత్తరం వస్తుంది. "ఈ పంక్తి పోయింది, ఈ పంక్తి వచ్చింది" అని. దీనితో నకలు ప్రతి నిఘా కూడా అయింది. ఎవరైనా దొంగతనంగా దారి మార్చినా తెల్లారేసరికి బయటపడుతుంది. ఆ తర్వాత ఆక్సిడైజ్డ్, ఆన్సిబుల్ వంటి పనిముట్లు వచ్చాయి. మూలసూత్రం మాత్రం ఇదే.

ఇక్కడ తాళం సంగతి కూడా చెప్పాలి. మొదట్లో రౌటర్‌లోకి దూరం నుంచి వెళ్ళే దారి టెల్నెట్. అందులో రహస్యపదం పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా పోయేది. మధ్యలో ఎవరైనా చదవవచ్చు. ఫిన్లాండులో తమ విశ్వవిద్యాలయపు వలలో ఇలాంటి దొంగతనం జరిగాక టాటు యులోనెన్ అనే పరిశోధకుడు 1995లో ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతి రాశాడు. పోస్టుకార్డు స్థానంలో సీలు వేసిన కవరు వచ్చినట్లయింది. మద్రాసుకు సామాన్యుల ఇంటర్నెట్ వచ్చిన సంవత్సరమే ఇదీ పుట్టింది. దాచిన నకళ్ళ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. అమరికలో తాళాల గుర్తులన్నీ ఉంటాయి. నకలును అందరూ తిరిగే చోట పెడితే ఇంటి తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే.

ఇప్పటిదాకా చెప్పింది నకలు తీయడం. అది చదవడం వంటిది, దాని వల్ల నష్టం తక్కువ. దిద్దడం అలా కాదు, అది రాయడం. దూరం నుంచి దిద్దడంలో ఒక విచిత్రమైన అపాయం ఉంది. ఏ దారి గుండా మన ఆజ్ఞ పోతున్నదో ఆ దారినే మన ఆజ్ఞ మూసేయవచ్చు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే. "ఎవరినీ రానివ్వకు" అన్న పంక్తి ముందు పడి, "నన్ను రానివ్వు" అన్న పంక్తి వెనక పడితే చాలు. తలుపు మూసుకుంటుంది. రెండవ పంక్తి చెప్పడానికి మనం లోపల ఉండం. అప్పుడు మిగిలిన దారి ఒక్కటే. మనిషి బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాలి.

పెద్ద పెద్ద సంస్థలకే ఈ గతి పట్టింది. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సంస్థలో మామూలు నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆజ్ఞ వారి వెన్నెముక లాంటి వలను మొత్తం విడగొట్టింది. ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలపాటు ప్రపంచమంతటా ఆగిపోయాయి. దూరం నుంచి సరిచేసే దారులు కూడా ఆ వల మీదే ఉండడంతో ఇంజనీర్లు స్వయంగా యంత్రాల దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది. 2022 జూలై 8న కెనడాలో రోజర్స్ అనే టెలిఫోను సంస్థ అమరికలో ఒక జల్లెడ పంక్తి తీసేస్తే లక్షలాది మందికి ఫోన్లు, ఇంటర్నెట్ ఆగిపోయాయి. స్క్రిప్టు ఎంత వేగంగా మంచి చేస్తుందో అంతే వేగంగా చెడూ చేస్తుంది. మనిషి ఒక యంత్రంలో చేసే తప్పును అది ఇన్నూరు యంత్రాలలో చేస్తుంది.

దీనికి విరుగుడు కూడా కనిపెట్టారు. అది వినడానికి చాలా తేలిక. జూనిపర్ సంస్థ రౌటర్లలో ఈ ఏర్పాటు ఉంది. 2006లో వచ్చిన నెట్‌కాన్ఫ్ ప్రమాణంలో కూడా దీనిని చేర్చారు. కొత్త అమరిక పెట్టేటప్పుడు "పది నిమిషాలలో నేను మళ్ళీ వచ్చి సరే అనకపోతే పాత అమరికకు తిరిగి పో" అని చెప్పి మరీ పెడతారు. ఇంజనీరు దారి మూసుకుపోతే సరే అనలేడు. పది నిమిషాలు కాగానే యంత్రం తనంతట తాను పాత రాతకు వచ్చేస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. పాత తరం రౌటర్లలో ఈ సౌకర్యం లేనిచోట "పది నిమిషాల తర్వాత తిరిగి మొదలుకా" అని ముందే గడువు పెట్టి పని మొదలుపెట్టేవారు. నోటు పుస్తకంలో పాత రాతే ఉంటుంది గనుక యంత్రం దానితోనే లేస్తుంది. మాట మౌనంగా ఆగిపోతే పాత స్థితికి రావాలన్న ఈ ఒక్క నియమం ఎన్ని రాత్రి ప్రయాణాలను తప్పించిందో!

ఈ జాగ్రత్తలు ఎవరికోసం? 2015 డిసెంబరు మొదటి వారం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అడయారు పొంగింది. చెన్నై విమానాశ్రయం మూతపడింది. చాలా పేటలలో కరెంటు, ఫోన్లు పోయాయి. 1878లో పుట్టిన హిందూ పత్రిక డిసెంబరు 2న చెన్నైలో అచ్చు కాలేదు. మరైమలైనగర్ ముద్రణాలయానికి మనుషులు చేరలేకపోయారు. యంత్రం ఉండి, దాని దగ్గరకు మనిషి చేరలేని పరిస్థితి ఎలా ఉంటుందో ఆ వారం అందరికీ తెలిసింది. అలాంటప్పుడు నకలు చెన్నై నేల అంతస్తులోనే ఉంటే అదీ నీళ్ళ పాలే. హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉంటే కొత్త యంత్రానికి ప్రాణం పోయవచ్చు.

మరో ఉదాహరణ సముద్రం మీద ఉంది. చెన్నై తీరం నుంచి అండమాన్ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల సముద్ర కేబులును 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. 2024లో శ్రీ విజయపురం అని పేరు మారిన పోర్ట్‌బ్లెయిరుకే కాదు, మరి కొన్ని దీవులకు కూడా అది చేరుతుంది. ఆ దీవులలో తెలుగువారు కూడా తరతరాలుగా ఉన్నారు. అక్కడి యంత్రంలో ఒక పంక్తి తప్పితే బస్సెక్కి వెళ్ళడానికి లేదు. దీవిలోని రోగి కోసం డాక్టరు ఎదురు చూడవచ్చు, విద్యార్థి పరీక్ష ఫలితం కోసం ఎదురు చూడవచ్చు. వారికీ మనకూ మధ్య ఉన్నది ఆ పది నిమిషాల గడువు, వేరే ఊళ్ళో ఉన్న ఆ నకలు ప్రతి.

సరిహద్దు ప్రాంతాల వారికి ఇందులో ఇంకొక మాట ఉంది. తిరుత్తణి, పళ్ళిపట్టు, సత్యవేడు, తడ, హోసూరు, ఈ ఊళ్ళన్నీ ఏదో ఒక పెద్ద వలకు చివరి కొసలు. ఏ వలకైనా కొసలోనే ముందు కష్టం వస్తుంది. కొసలో ఉన్న యంత్రం దగ్గరకు ఇంజనీరు రావడం ఆలస్యం. కాబట్టి నకలు విలువ మధ్యలో ఉన్నవారి కంటే మనకే ఎక్కువ.

మీ బడిలోనో, సహకార సంఘంలోనో, చిన్న ఆసుపత్రిలోనో ఒక రౌటర్ ఉంటే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. దాని అమరికకు నకలు తీశారా? అది ఆ గది దాటి వేరే చోట ఉందా? ఎప్పుడు తీశారో తేదీ వేశారా? ఆ నకలుతో యంత్రాన్ని ఒక్కసారైనా లేపి చూశారా? నాలుగవ ప్రశ్నే ముఖ్యం. విత్తనం మొలుస్తుందో లేదో గుప్పెడు తడిపి చూడకుండా రైతు చల్లడు. పరీక్షించని నకలు కూడా అలాంటి విత్తనమే. దిద్దేటప్పుడు ముందు ఒక యంత్రంలో దిద్ది, నడిచిందని చూసి, తర్వాత పదింటికి, ఆ తర్వాతే అన్నిటికీ పోవాలి.

మద్రాసు నుంచి టెలిగ్రాఫు తీగ మీద సమయం అందుకుని ముల్లు తిప్పిన స్టేషన్‌ మాస్టర్ల పేర్లు మనకు తెలియవు. ఈ రాత్రి రెండు గంటలకు నకళ్ళు తెచ్చే స్క్రిప్టులు రాసిన వారి పేర్లూ మనకు తెలియవు. వారి పని సరిగ్గా సాగినన్నాళ్ళు ఎవరికీ కనిపించదు. రేపు ఉదయం కౌంటరు దగ్గర లైను ఉండి, మీ పని అయిపోయి, మీరు మామూలుగా ఇంటికి వస్తే, ఆ పని జరిగిందని అర్థం.